ఉరకని రోజు

అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న స్వర్ణకు మెల్లగా నడవడం చేతకాదు. చాయ్ తాగడానికి వెళ్లినా పరుగులాంటి నడకే. పరుగు పరీక్ష పది రోజుల్లో ఉందని నిన్న మైదానం చుట్టూ రోజూకన్నా రెట్టింపు, పన్నెండు చుట్లు పరుగెత్తింది. పొద్దున లేచేసరికి తొడలు బిగుసుకుపోయాయి. కమ్మీ పట్టుకుని, పళ్లు బిగపట్టి, ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగింది. వంట చేసే బీరమ్మ వేడినీళ్ల బకెట్ తెచ్చిచ్చింది. "పండుకుంటే ఇంకింత బిగుస్తయి బిడ్డా. కాపడం పెట్టుకొని జర మెల్లగ నడువు. ఇయ్యాల ఉరికితే పరీక్షనాడు కుంటుతవ్."

కాపడం పెట్టుకుని మైదానంలో మెల్లగా నడుస్తుంటే, అందరూ దాటిపోవడం చూసి స్వర్ణకు ఉరకాలని ప్రాణం కొట్టుకుంది. "ఏందక్కా, ఉరుకవా?" పరుగెత్తుతూనే అడిగింది ఆమె గదిలో ఉండే మంజుల.

"ఎల్లుండి ఉరుకుత."

మంజుల మూడోసారి దాటిపోయినప్పుడు కూడా స్వర్ణ అడుగు వేగం పెంచలేదు.