బఠానీ టీచర్ వద్దన్న వైద్యం

మా బడిలో ఆమెను అసలు పేరుతో పిలిచేది హెడ్మాస్టరు ఒక్కరే. మిగతా అందరికీ ఆమె బఠానీ టీచర్. వంశపారంపర్యం పాఠం వచ్చిందంటే రెండు డబ్బాల నిండా బఠానీలు తెచ్చి, నున్నటివీ ముడతలవీ వేరుచేయించి పిల్లల చేతే లెక్కపెట్టించేది. పాఠం అయ్యేసరికి సగం గింజలు మాయం. "రేపు కడుపునొప్పని సెలవుచీటీ పట్టుకొస్తే ఊరుకోను" అనేది. నేను లెక్కల మాస్టారిని. స్టాఫ్ రూములో ఇరవై ఏళ్లు ఆమె పక్క కుర్చీ నాదే.

ఆమె పెళ్లి చేసుకోలేదు. తండ్రి, తమ్ముడు, మరదలు, మేనకోడలు, వీళ్లే ఆమె ఇల్లు. తండ్రి ప్రార్థనా మందిరం చూసుకునేవాడు. తెల్లారకముందే వెళ్లి తలుపులు తీసి, ఊడ్చి, బల్లలు తుడిచేవాడు. కూతురికి దేవుడి మీద నమ్మకం లేదు. తండ్రీకూతుళ్లకు రోజూ వాదనే, కానీ ఒకరు లేకుండా ఇంకొకరు అన్నానికి కూర్చునేవారు కారు.

మేనకోడలికి పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దాంతో వచ్చే ఇనుము గుండెలో పేరుకుపోకుండా మందులు వాడాలి. పిల్ల మాత్రం హుషారు. చేతికి సూది గుచ్చుతుంటే, "అత్తా, ఎవరిదైనా లెక్కలొచ్చినవాళ్ల రక్తం చూసి ఎక్కించమను, రేపు పరీక్ష ఉంది" అనేది.

దాని పదకొండో ఏట పెద్ద డాక్టరు ఇంట్లోవాళ్లను పిలిచి కొత్త వైద్యం గురించి చెప్పాడు.

"పాప ఎముక మజ్జలోంచి కణాలు తీసి, వాటిలో జన్యువును సరిచేసి, తిరిగి ఎక్కిస్తాం. ముందు ఘాటైన మందులివ్వాలి. ఇంకా ప్రయోగ దశే. ప్రమాదం లేదని చెప్పను. మొదటి విడత ఏడుగురిలో ఒక్కరికే చోటు మిగిలింది, వారంలో చెప్పండి."

ఆ సాయంత్రం అందరూ వంటింటి బల్ల చుట్టూ చేరారు. దేవుడి పని దేవుడికి వదిలేయమంటాడని అనుకుని, బఠానీ టీచర్ తండ్రితో వాదనకు సిద్ధమై కూర్చుంది. ఆయన అలా అనలేదు.

"పిల్ల ఒంట్లో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దే చెయ్యి ఉంటే దిద్దమనే అంటాడు దేవుడు. ఆయన సృష్టిలో వేలు పెట్టకూడదంటే నేనీ కళ్లద్దాలు కూడా పెట్టుకోకూడదు."

"కళ్లద్దాలు నచ్చకపోతే తీసి పక్కన పెట్టొచ్చు నాన్నా. ఇది తీసేది కాదు. ఇవాళ జబ్బంటారు, రేపు ఎత్తంటారు, ఎల్లుండి తెలివంటారు. ఎక్కడ ఆగుతారో వాళ్లకే తెలీదు. మన పిల్ల మీద నేర్చుకుంటారా?"

ముసలాయన ఏదో అనబోయి ఆగిపోయాడు. తమ్ముడు పరదాలు కుట్టే మనిషి, ఎక్కువ చదువుకోలేదు. "నాకివన్నీ అర్థం కావక్కా. నువ్వు ఊ అంటే సంతకం పెడతా, వద్దంటే మానేస్తా" అన్నాడు.

"వద్దురా. ఐదేళ్లు ఆగుదాం. పక్కా వైద్యం వస్తుంది."

ఆ చోటు ఇంకెవరికో వెళ్లింది.

ఆమె అన్నట్టే ఐదేళ్లకు ఆ వైద్యం పక్కాగా అందుబాటులోకి వచ్చింది. పరుగున వెళ్లారు. పరీక్షలన్నీ చేసి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. మందులు వాడినా పేరుకున్న ఇనుముతో గుండె బాగా దెబ్బతింది, ఆ ఘాటు మందులకు తట్టుకోలేదన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్ల అడిగింది. "అత్తా, అప్పుడు నన్నెవరూ అడగలేదేం?"

"చిన్నదానివి కదమ్మా."

"సూదులకు చిన్నదాన్ని కాదుగా."

"అడిగితే ఏమనేదానివి?"

"ఏమో. భయమేసేది. అయినా ఊ అనేదాన్నేమో."

పదిహేడు నిండకుండానే పిల్ల పోయింది.

ఆ తర్వాత ఆమె డాక్టరును పట్టుకుని, మొదటి విడత పిల్లలు ఏమయ్యారో చెప్పేదాకా వదల్లేదు. ఏడుగురిలో ఐదుగురికి రక్తం ఎక్కించే అవసరమే తీరిపోయింది. ఒకరికి గుణం కనిపించలేదు. ఒకరు ఆ ఘాటు మందులకే చనిపోయారు.

"ఆ ఒక్కరూ మన పిల్లే అయ్యుండొచ్చు కదా" అన్నాను, ఓదార్పుగా.

"మీరు లెక్కల మాస్టారు. ఏడింట ఐదంటే ఎంతో చెప్పండి" అంది.

మళ్లీ ఆమే అంది. "ఎత్తు, తెలివి ఆ రోజు ఎవరడిగారు మాస్టారూ? మనం ఏటా పిల్లలకు పెట్టే చర్చాపోటీలో మాటలవి. నేను తప్పు చెప్పలేదు. ఇప్పుడూ ఆ భయం ఉంది నాకు. కానీ దానికీ మా పిల్ల రక్తానికీ ఏం సంబంధం? భయం నాది, జబ్బు దానిది."

తండ్రి ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ. ఒక ఆదివారం మందిరానికే వెళ్లి, బల్లలు తుడుస్తున్న ఆయన్ని అడిగేసింది. "నన్ను తిట్టవేం నాన్నా?"

"ఏమని తిట్టమంటావు? ఆ రోజు ఇంకో మాట గట్టిగా అనుంటే నీ తమ్ముడు వినేవాడు. కూతురు అంత చదివింది, ఊడ్చేవాడిని నాకేం తెలుసని నోరు మూసుకున్నా. రోజూ ఇక్కడ దేవుడికి నేను చెప్పుకునేది అదే."

ఆమె ఆయన చేతిలోంచి గుడ్డ తీసుకుని, మిగిలిన రెండు బల్లలూ తనే తుడిచింది.