రెండు నీడల బొమ్మ

ఆ రోజుల్లో, అంటే పందొమ్మిదివందల యాభైల్లో, నాకు ఇరవై ఏళ్లు నిండిన కాలంలో, కొలతకు లొంగనిది లోకంలో లేదని నా గట్టి నమ్మకం. కోడుమూరు చుట్టుపక్కల బావులు తవ్వేచోట మట్టి కొలవడం నా పని. ఐదో తరగతితో బడి మానేసి లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి (గురువు లేకపోతే తప్పు చెప్పేవాడూ ఉండడు, అదొక సుఖం).

మా మామ బడిలో డ్రాయింగు మాస్టరు. అత్త పోయి రెండు నెలలైంది. అప్పటినుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడడం లేదు, సరిగా తినడం లేదు. ఎండిపోయిన వాగు బొమ్మ ఒకటి వేస్తూ కూర్చున్నాడు. ఇట్లే ఉంటే తమ్ముడు దక్కడని మా అమ్మ భయం. "బొమ్మ బాగుండాదని ఒక్క మాట చెప్పి పలికించు నాయనా. మాట బయటికొస్తే ముద్ద లోపలికి పోతాది" అని నన్ను ఆయన దగ్గరికి పంపింది.

బాగుందని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నేను చీపురుపుల్ల తీసుకొని బొమ్మను కొలవడం మొదలుపెట్టాను. పడమటి కొండ, ఇసుక, ఒక తుమ్మచెట్టు, నీళ్లకోసం ఇసుకలో తవ్విన చెలమ, దాని పక్కన ఖాళీ కడవ. మనుషులు సున్నా. చెట్టు నీడ తూర్పుకు సాగింది, కాబట్టి సాయంత్రం. కడవ నీడ కొండవైపు పడింది, కాబట్టి పొద్దున. ఒకే బొమ్మలో సూర్యుడు రెండు దిక్కులా ఎట్లా ఉంటాడు? దొంగను పట్టుకున్నంత సంబరపడి, నీడ తప్పిందని, కడవ నీడ ఇటు తిప్పితే సరిపోతుందని మామకు పుల్లతో చూపించాను. నా వెనకే వచ్చి గడప దగ్గర నిలబడ్డ అమ్మ తల కొట్టుకుంది.

మామ కడవ నీడమీద వేలు పెట్టాడు.

"తప్పు కాదల్లుడా. కడవకు పొద్దున. మీ అత్త చెలమకాడ పడిపోయింది పొద్దున్నే. చెట్టుకు మాపటేళ. నేనొచ్చేతలికి పొద్దు వాలిండాది. ఆ రెండిటి నడుమ నేను ఈడ ల్యాకపోతి. రంగులు కొనను కర్నూలు పోయింటి."

పక్కనున్న రంగులు చూపించి, "ఆ రంగులే ఇవి" అన్నాడు.

పుల్లను ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. అత్త పోయిన రోజు కూడా ఏడవని మనిషి తుండుగుడ్డలో మొహం దాచుకొని ఏడ్చాడు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఏడుపు తగ్గాక సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తెచ్చిపెడితే మెల్లగా తిన్నాడు. ఇదంతా నావల్లనే అయిందని అమ్మ మెచ్చుకుంటుందేమోనని నిలబడ్డాను (మెచ్చుకోలేదు).

ఆనాటి మామ వయసు నేనిప్పుడు దాటేశాను. ఆ దినం ఆయన ముద్దలో సగంకంటే రెండు వేళ్లంత ఎక్కువే తిన్నాడని ఈనాటికీ చెప్పగలను. అంత దుఃఖం ఎదుట నిలబడి ముద్ద కొలిచిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఇంకేం చేయాలో వాడికి తెలియదు, పాపం.