ఏడు లైన్ల రుజువు

యూనివర్సిటీలో లెక్కలు చెప్పే ఉమాపతికి రెండే గర్వాలు. ఒకటి, పదకొండేళ్లలో ఒక్క క్లాసుకూ ఆలస్యంగా పోలేదు. తార్నాకలో ఆయన ఇంటి గేటు చప్పుడు విని పక్కింటివాళ్లు గడియారం సరిచేసుకునేవాళ్లు. రెండోది ఏడు లైన్ల రుజువు.

ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యలుగా, అంటే ప్రైమ్‌లుగా విడగొడితే అది ఒకే తీరుగా విడిపోతుంది. అరవైని ఎటునుంచి విడగొట్టినా చివరికి మిగిలేవి రెండు రెండ్లు, ఒక మూడు, ఒక ఐదు. పుస్తకంలో దీని రుజువు ఒకటిన్నర పేజీ. ఉమాపతి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే దాన్ని ఏడు లైన్లకు కుదించాడు. ఎమ్మెస్సీ పిల్లలు కళ్లకద్దుకుని రాసుకున్నారు. ఆ నోట్సు సీనియర్ల దగ్గరి నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చింది. అనాలిసిస్ పాఠం రోజు ఎట్లా తయారైనా, నంబర్ థియరీలో ఈ పాఠం ఉన్న రోజు మాత్రం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లికొడుకులా పోయేవాడు.

ఆయనకొక అలవాటుంది. పాఠం కాగానే "డౌట్లు?" అని అడుగుతూనే బోర్డువైపు తిరిగి తుడవడం మొదలుపెట్టేవాడు. వీపును చూసి డౌటడిగే ధైర్యం ఎవరికుంటుంది?

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో రాహేలుకు ఉంది. గోల్నాక నుంచి వచ్చే పిల్ల, ఎప్పుడూ మొదటి బెంచీ.

"తుడవకుండ్రి సార్" అంది.

ఉమాపతి డస్టరు పట్టుకునే తిరిగాడు.

"నాలుగో లైన్ల, రెండు సంఖ్యల లబ్ధాన్ని ప్రైమ్ భాగిస్తే ఆ రెండిట్ల ఒకదాన్ని భాగించాలె అన్నరు. ఎందుకు సార్?"

"ఎందుకేందమ్మా? విడగొడితే ఆ ప్రైమ్ ఏదో ఒకదాంట్ల కనపడాలె గదా."

"ఒకటే తీరుగ విడిపోతదని ముందే ఒప్పుకుంటేనే గదా సార్, గట్ల కనపడేది? మనం రుజువు చేసేది గదే గదా?"

ఉమాపతి నాలుగో లైనును ఒకసారి చూశాడు, మళ్లీ చూశాడు. ఏది రుజువు చేయాలో దాన్నే మధ్యలో దొంగచాటుగా వాడుకున్నాడు. అదీ పదకొండేళ్లు.

"కరెక్టే" అని డస్టరు బల్ల మీద పెట్టేశాడు.

మర్నాడు ఒకటిన్నర పేజీ రుజువు ఓపికగా చెప్పాడు. ఈ క్లాసు సంగతి సరే, మరి ముందటి పది బ్యాచులు? వాళ్లలో కొందరు తాలూకా కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. తన తప్పు వాళ్ల నోట, వాళ్ల పిల్లల నోట తిరుగుతూ ఉంటుంది. ఆ ఆలోచనతో ఆయనకు అన్నం సయించలేదు.

ఆఫీసు రిజిస్టరులో అరవై నాలుగు అడ్రసులు దొరికాయి. ఆదివారం భోజనాలయ్యాక వరండాలో పోస్టుకార్డుల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు. 'ఏడు లైన్ల రుజువులో నాలుగో లైను చెల్లదు. దాన్ని ఎవరికీ చెప్పకండి. పుస్తకంలోనిదే సరైనది. తప్పు నాది.' అన్ని కార్డుల మీదా అవే మాటలు.

భార్య భారతమ్మ ఒక కార్డు తీసి చదివింది. "అరవైని ఎట్ల విడగొట్టినా గవే వస్తయని నాకే తెలుసు. గీ మాత్రం దానికి గిన్ని కార్డులా?"

"తెలుసుడు వేరే, రుజువు వేరే."

"అయితే మీ తప్పును మీరే ఊరూరా చాటింపేసుకుంటరా?"

"తప్పు చెప్పింది నేనే గదా. ఇంకెవరెయ్యాలె?"

భారతమ్మ కట్టలో సగం తన ముందుకు లాక్కుని గుండ్రటి అక్షరాలతో అడ్రసులు రాయసాగింది.

తొమ్మిది కార్డులు ఆ అడ్రసుల్లో మనుషులు లేక తిరిగొచ్చాయి. వరంగల్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే అతను తనకు కొడుకు పుట్టాడని రాశాడు, రుజువు ఊసే ఎత్తలేదు. ఇంకొకతను 'ఏ రుజువు సార్?' అని అడిగాడు. దాన్ని చదివి భారతమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

ఆ తర్వాత కొమురెల్లి ఉత్తరం వచ్చింది. జనగామలో లెక్చరర్, ఒకప్పుడు ఉమాపతికి ప్రియ శిష్యుడు.

'సార్, నాలుగేండ్ల కింద ఆ పాఠం తయారుచేసుకుంటుంటే నాకు ఆ తప్పు కనపడ్డది. అప్పటి నుంచి మా పిల్లలకు పుస్తకంలనిదే చెప్తున్న. మీకు చెప్దామనే తార్నాక వచ్చిన. మీరు మొక్కలకు నీళ్లు పోస్తున్నరు. "ఏం కొమురెల్లీ, మన ఏడు లైన్లు చెప్తున్నవా?" అని అడిగిన్రు. మీ సంతోషం చూసినంక నాకు నోరు రాలె. చెప్తున్న సార్ అని అబద్ధమాడిన. మన్నించుండ్రి.'

ఉమాపతికి ఆ రోజు గుర్తుంది. తన రుజువు జనగామ దాకా పోయిందని వారం రోజులు భారతమ్మకు చెప్పి చెప్పి విసిగించాడు. ఇప్పుడు సిగ్గేసింది. ఆ పిల్లలకు తప్పు అంటలేదని అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది.

"పాపం, నాలుగేండ్లు కడుపుల పెట్టుకుండు" అంది భారతమ్మ.

అదే ఆయన్ను పొడిచింది. గేటు దాకా వచ్చినవాడు చెప్పలేక తిరిగిపోయాడంటే, క్లాసులో తన వీపును చూసీ చూసీ అలవాటైనందుకే.

ఆనాటి నుంచి "డౌట్లు?" అని అడిగి, బోర్డుకు ఆనుకుని పిల్లలవైపే చూస్తూ నిలబడటం నేర్చుకున్నాడు. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. పదిహేను రోజులకు వెనక బెంచీ నుంచి కూడా చేతులు లేచాయి. ఇస్త్రీ చొక్కాల వీపులన్నీ సుద్దపొడే. ఉతకలేక చస్తున్నానని భారతమ్మ గొణిగేది.

ఒక ఆదివారం పొద్దున కొమురెల్లే వచ్చి గేటు బయట తటపటాయిస్తూ నిలబడ్డాడు. ఉమాపతి నీళ్ల చెంబు కింద పెట్టి, ఎదురెళ్లి గేటు తీసి, భుజం మీద చెయ్యేసి వరండాలోకి తీసుకొచ్చాడు. చాయ్ వచ్చింది.

"నా తప్పులు ఇంకేమన్న ఉన్నయారా? భయపడకు, చెప్పు" అన్నాడు ఉమాపతి.

కొమురెల్లి కప్పులోకి చూశాడు.

"అనాలిసిస్‌ల ఒకటున్నది సార్."

ఉమాపతి రెండు క్షణాలు అతన్ని చూసి, పకపకా నవ్వి, లోపలికి కేకేశాడు.

"ఏమే, కార్డులేమన్న మిగిలినయా?"