తొమ్మిది రోజుల రాయబారం

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు, వరుసగా తొమ్మిది రోజులు అబద్ధాలాడాను. అదీ అమ్మతోనూ, నాన్నతోనూ. ఈ సంగతి నా నోటితో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అప్పటికే నాకు డైరీ రాసే అలవాటుంది. అందులో కూడా ఆ రోజుల కింద "ఇవాళ చాలా పని చేశాను" అని మాత్రమే రాసుకున్నాను. ఏం పనో రాయడానికి ధైర్యం చాలలేదు.

అప్పట్లో మేము అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మది డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇంటికంతటికీ ఒకటే కారు, కరివేపాకు కావాలన్నా ఆ కారెక్కాల్సిందే. అమ్మ పెళ్ళికి ముందు స్కూటర్ మీద కాలేజీకి వెళ్ళి పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. ఇక్కడికొచ్చాక సాయంత్రం నాన్న వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడి ఇతరుల కార్లు చూసేది. డ్రైవింగ్ వస్తే తన కాళ్ళు తనకి తిరిగొచ్చినట్టే అనుకునేది.

మన ఆడవాళ్ళలో అక్కడ సామెతలాంటి మాటొకటి ఉండేది. మొగుడి దగ్గర ఏమైనా నేర్చుకోవచ్చు గానీ డ్రైవింగ్ మాత్రం నేర్చుకోకూడదని. అమ్మ విని నవ్వేసింది. ఆదివారాలు ఆఫీసులకి సెలవు కాబట్టి ఖాళీగా పడి ఉండే ఒక పెద్ద పార్కింగ్ లాట్‌కి ముగ్గురం వెళ్ళేవాళ్ళం. ముందు సీట్లలో వాళ్ళిద్దరూ, వెనక సీట్లో లైబ్రరీ పుస్తకంతో నేను.

మూడో ఆదివారం అమ్మ బాగానే నడుపుతోంది. మలుపు దగ్గర నాన్న ఉన్నట్టుండి "బ్రేక్! బ్రేక్!" అని అరిచి హ్యాండ్‌బ్రేక్ లాగేశాడు. నా పుస్తకం ఎగిరి ముందు సీట్లో పడింది. అమ్మ "వేశానుగా!" అంది. నాన్న నుదుటి చెమట తుడుచుకుంటూ "వదిలెయ్, నీ వల్ల కాదు" అన్నాడు.

అమ్మ ఇంజిన్ ఆపింది. తాళం తీసి నాన్న చేతిలో పెట్టింది. తలుపు తీసుకుని ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది. నాన్న ఫ్లాషర్లు వేసుకుని నత్తలా ఆమె పక్కనే కారు పోనిస్తూ కిటికీలోంచి బతిమాలాడు.

"ఎక్కు. అందరూ చూస్తున్నారు."

"ఎవరు చూస్తున్నారండీ? ఈ దేశంలో రోడ్డు మీద మనిషంటూ ఉంటేగా!"

అదే వాళ్ళ ఆఖరి సంభాషణ. ఇంటికొచ్చాక వాళ్ళ మధ్య మాటలు నా మీదుగా నడవసాగాయి. పెరుగు అయిపోయిందని మీ నాన్నకి చెప్పు. తెస్తానని మీ అమ్మకి చెప్పు. ఒకరు వంటింట్లో, ఒకరు పడకగదిలో, మధ్యలో పోస్టుమేన్‌లా నేను. ఇలాంటి అలకలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయనీ, వాటిలో పిల్లలకి ఈ ఉద్యోగం తప్పదనీ ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

మర్నాడు స్కూల్లో ఒకమ్మాయి పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయికి రెండిళ్ళు, రెండు టూత్‌బ్రష్‌లు, శుక్రవారం శుక్రవారం సర్దుకునే ఒక బ్యాగు ఉండేవి. వాళ్ళమ్మా నాన్నా విడిపోయే ముందు బాగా పోట్లాడుకునేవారా అని అడిగాను. లేదంది. "దే జస్ట్ స్టాప్డ్ టాకింగ్" అంది, తన శాండ్‌విచ్ అంచులు తుంచుకుంటూ.

ఆ సాయంత్రమే అబద్ధాలు మొదలుపెట్టాను.

నాన్న ఆఫీసు నుంచి ఫోన్ చేసి, లేటవుతుందని మీ అమ్మకి చెప్పు అన్నాడు. నేను వెళ్ళి, "అమ్మా, నాన్నకి లేటవుతుందట. నిన్ను చూడకుండా అంతసేపు ఎలా ఉండాలో తెలియడం లేదట" అన్నాను. అమ్మ కూర కలుపుతున్న చెయ్యి ఆపి నా వైపు విచిత్రంగా చూసింది. అన్నం టేబుల్ మీదుంది, తింటే తినమను, లేకపోతే మానమను అంది. నాన్న వచ్చాక, "నువ్వు తినకపోతే అమ్మ కూడా తినదట" అని చెప్పాను. నాన్న రెండుసార్లు పెట్టుకుని తిన్నాడు.

ప్రేమ గురించి నాకు తెలిసినదంతా లైబ్రరీ పుస్తకాల్లోంచి వచ్చినదే. ఇంగ్లీషులో చదివింది మా ఇంటి తెలుగులోకి మార్చేసరికి కొన్ని చోట్ల బెడిసికొట్టేది. ఒకరోజు నాన్న బాల్కనీలో అద్దం తలుపు మూసుకుని కూర్చున్నాడు. నేనే కల్పించుకుని వంటింట్లోకి వెళ్ళి, "అమ్మా, నాన్నకి గుండెలో నొప్పిగా ఉందట" అన్నాను. నీ మీద బెంగతో అని చెప్పేలోపే అమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తింది. తలుపు లాగి చూస్తే నాన్న గిన్నెడు మరమరాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు. అమ్మ తలుపు మూసి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి కబుర్లు మరీ ఘాటెక్కాయి. "ఇవాళ్టి సాంబారులో ఈత నేర్చుకోవచ్చని మీ అమ్మకి చెప్పు" అనేవాడు నాన్న. నేను హాల్లో నిలబడి చాలాసేపు ఆలోచించి, సాంబారు సముద్రమంత బాగుందట అని చెప్పేదాన్ని. "ఆయన పాట ఆపితే పక్కింటి కుక్క కూడా ఆపుతుందని చెప్పు" అనేది అమ్మ. నీ పాటకి కుక్కలు కూడా మురిసిపోతున్నాయట అని చెప్పేదాన్ని. ఎంత కష్టపడి తేనె పూస్తున్నా రోజురోజుకీ వాళ్ళ మాటల్లో చేదు పెరిగిపోతోందేమిటా అని దిగులుపడేదాన్ని. ఒక సాయంత్రం కబురు చెప్పాక తిరిగి చూస్తే, సింకు దగ్గర అటు తిరిగి నిలబడ్డ అమ్మ భుజాలు కదిలిపోతున్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోంది.

ఇక నా వల్ల అయ్యే పని కాదని తెలిసిపోయింది. మర్నాడు అమ్మ ఇచ్చిన వంకాయ కూర గిన్నె పట్టుకుని పక్కింటి ఆంటీ దగ్గరికి వెళ్ళాను.

ఆంటీకి అప్పుడు యాభై ఏళ్ళుంటాయేమో. ఆవిడ భర్త, అంకుల్, కన్సల్టెంట్. సోమవారం విమానమెక్కి ఎక్కడో చికాగో దగ్గరికి వెళ్ళి శుక్రవారం తిరిగొచ్చేవారు. నేను వెళ్ళేసరికి ఆంటీ తువ్వాళ్ళు మడతపెడుతూ ఫోన్‌లో అంకుల్‌తో మాట్లాడుతోంది. తిన్నారా. తిన్నాను. ఆఫీస్ బానే ఉందా. సరే, ఉంటాను. ఒక తువ్వాలు మడత పూర్తి కాకముందే ఫోన్ అయిపోయింది.

"ఆంటీ, మా అమ్మా నాన్నా విడిపోతే నేను మీ ఇంట్లో ఉండొచ్చా?" అని అడిగాను. నా జీవితంలో ముందుగా అనుకుని ధైర్యంగా అడిగిన మొదటి మాట బహుశా అదే.

"ఉండొచ్చు గానీ నా వంట తినాలి మరి. ఎవరన్నారే విడిపోతారని?"

మాట్లాడుకోవడం లేదనీ, అమ్మ వంటింట్లో దొంగచాటుగా ఏడుస్తోందనీ చెప్పాను. ఆంటీ పెదవి కొరుక్కుంది.

"రాయబారాలు ఎవరు మోస్తున్నారు?"

"నేనే."

"ఉన్నవి ఉన్నట్టే మోస్తున్నావా?"

నేను తువ్వాలు అంచు చూస్తూ కూర్చున్నాను. ఆంటీకి ఎలా తెలిసిందో అర్థం కాలేదు. పెద్దవాళ్ళకి అన్నీ తెలుస్తాయి కాబోలు అనుకున్నాను. ఆంటీ గుచ్చి గుచ్చి అడగలేదు. ఖాళీ గిన్నెలో నాలుగు బెల్లం ముక్కలు వేసి నా చేతికిస్తూ, "ఇవాళ్టికి వాళ్ళేమంటే అదే చెప్పు తల్లీ. ఉప్పూ కారం నువ్వు వెయ్యకు. దెబ్బ తగిలితే వాళ్ళే మందు రాసుకుంటారు" అంది.

ఆ సాయంత్రం నాన్న పడకగదిలోంచి పిలిచాడు. కళ్ళలో ఏదో హుషారు. "మీ అమ్మ చేసిన చపాతీలు కారు డిక్కీలో స్పేర్ టైర్లుగా పెట్టుకుందామా అని అడుగు."

నేను వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్‌కి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను. అమ్మ ముఖంలో అప్పటిదాకా ఉన్న చిన్న నవ్వు ఆగిపోయింది. ఇంకా ఏదో వస్తుందని ఎదురు చూసింది. నేనేమీ కలపలేదు.

"టైర్లతో నాకేం పని," అంది అమ్మ. "కారు నా వల్ల కాదుగా. అదే చెప్పు."

అదే చెప్పాను. నాన్న ముఖంలో హుషారు పోయింది. నేను జవాబు కోసం నిలబడ్డాను. "ఏం చెప్పమంటావు నాన్నా?" అని అడిగేసరికి నాకే ఏడుపు ముంచుకొచ్చింది. "మీరు విడిపోతే నేనెవరి దగ్గరుండాలో కూడా చెప్పు. అమ్మకి చెప్తాను."

నాన్న లేచాడు. నన్ను ఎత్తుకుని, తొమ్మిదేళ్ళ గాడిదనని కూడా చూడకుండా, వంటింట్లోకి నడిచాడు. పది రోజుల తరవాత మొదటిసారి అమ్మ ముఖం చూసి మాట్లాడాడు.

"నీ వల్ల కాదన్నాను. అది తప్పు మాట. నువ్వు బాగానే తిప్పావు. భయపడింది నేను." నన్ను కిందికి దించుతూ, "ఇంకో సంగతి. నేను లైసెన్స్ టెస్టు మూడుసార్లు తప్పాను" అన్నాడు.

"ఒక్కసారికే పాసయ్యానని మా పుట్టింట్లో అందరికీ చెప్పారు కదండీ!"

"పెళ్ళిచూపుల్లో ఏదో ఒకటి చెప్పుకోవాలిగా."

అమ్మ వెంటనే కరిగిపోలేదు. చపాతీ పిండి ముద్దని అటూ ఇటూ దొర్లించింది. చివరికి, "ఈ ఆదివారం నుంచి పక్కింటి వదినగారి దగ్గర నేర్చుకుంటాను" అంది.

"అదేం? నేను నేర్పలేనా?"

"మీ వల్ల కాదు" అంది అమ్మ.

అంతే, గోడ అవతలి నుంచి ఆంటీ పగలబడి నవ్వడం స్పష్టంగా, పక్కన నిలబడి నవ్వినంత స్పష్టంగా వినిపించింది. అప్పుడు వెలిగింది నాకు. అమెరికా అపార్ట్‌మెంట్ల గోడలు అట్టముక్కలు. పక్కింటికే అంత బాగా వినిపిస్తే, వంటింటికీ పడకగదికీ ఎంత? "అయితే మీరిద్దరూ..." అన్నాను. అమ్మా నాన్నా దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నారు. మరమరాల రోజు నుంచీ ఇద్దరూ గోడకి చెవి ఆనించి వింటున్నారట. నేను ఏం చేసి పెడతానో చూడాలని పోటీపడి మరీ ఘాటు కబుర్లు పంపారట. సాంబారు సముద్రం దగ్గర అమ్మ నవ్వు ఆపుకోలేక సింకు పట్టుకుందట. అంత సరదాలోనూ, చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పకుండా దాటేస్తూ వచ్చారని నేను పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

నాకు మాత్రం ఆ రోజు చాలా కోపం వచ్చింది. రాత్రి అన్నం దగ్గర ఇద్దరితోనూ మాట్లాడలేదు. నాన్న అమ్మతో "అమ్మాయికి చెప్పు, సారీ అని" అన్నాడు. అమ్మ నాతో అదే చెప్పింది. ఏమీ కలపకుండా.

అమ్మ రెండోసారికి లైసెన్స్ తెచ్చుకుంది. నాన్న ఆ కార్డు పట్టుకుని, తనకంటే రెండు ప్రయత్నాలు తక్కువలో సాధించిందని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాడు.

ఇప్పుడు నేను ఇర్వింగ్‌కి దగ్గర్లోనే ప్లేనో అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాను. నాతో ఉండే స్నేహితురాళ్ళు వారాంతాల్లో ఎప్పుడూ ఒకే వాదన పెట్టుకుంటారు, ఈ రోజుల్లో ప్రేమ నిలుస్తుందా అని. ఆరు నెలలే దాని ఎక్స్‌పైరీ డేట్ అంటుంది ఒకమ్మాయి. అదంతా మన ముందు తరంతోనే పోయిందే అంటుంది ఇంకొకమ్మాయి. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని వింటాను. నలుగురిలో మాట్లాడడం నాకు ఈనాటికీ చేతకాదు. ఈ మధ్య, నేను ఇష్టపడుతున్న ఒకతనితో మొదటిసారి గట్టిగా పోట్లాడి ఇంటికొచ్చాను. భయం వేయాల్సింది. గరిటెతో బాల్కనీకి పరుగెత్తిన అమ్మ, నన్ను చంకనేసుకుని వంటింటికి నడిచిన నాన్న గుర్తొచ్చి, ఫోన్ తీసి నేనే చేశాను. అతను ఎత్తి, "నేనింకా కోపంగానే ఉన్నాను" అన్నాడు. "నేనూ" అన్నాను. గంటసేపు మాట్లాడుకున్నాం.

అమ్మకి లైసెన్స్ వచ్చిన ఆ సంవత్సరం చివర్లోనే ఆంటీ ఇల్లు ఖాళీ చేసి అంకుల్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకని అందరూ అడిగారు. "వీళ్ళ గోల విని విని, రోజూ ఎదురుగా ఒక మనిషి ఉంటే పోట్లాడాలని నాకూ సరదా పుట్టింది" అంది. విమానాశ్రయానికి అమ్మే డ్రైవ్ చేసింది. హైవే మీద అదే మొదటిసారి. వెనక సీట్లో నా పక్కన నాన్న, తలుపు పిడి రెండు చేతులతో పట్టుకుని, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాడు. అమ్మా నాన్నా సూట్‌కేసులు దింపుతూ ఏది ముందు దించాలని వాదించుకుంటుంటే, ఆంటీ వంగి నా చెంప నిమిరింది.

"మీ అమ్మా నాన్నా మళ్ళీ పోట్లాడుకుంటే కంగారుపడకే బంగారం. ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకోవడం మొదలుపెడితే మాత్రం, వెంటనే నాకు ఫోన్ చెయ్."