పట్టకారుతో వానపాములు

మా బాబాయికి భయం. దేనికని అడగకండి, దేనికి కాదో అడిగితే జవాబు త్వరగా వస్తుంది. లిఫ్టంటే భయం, కుక్కంటే భయం, లిఫ్టులో కుక్క కనిపిస్తే ఏడో అంతస్తుకైనా మెట్లెక్కే పోతాడు. ఇక పాముల సంగతి చెప్పనే అక్కర్లేదు. వానపాము ఎదురైనా దారిచ్చి పక్కకు తప్పుకుంటాడు.

"అది పాము కాదు బాబాయ్."

"పేరులోనే పెట్టుకుని తిరుగుతుంటే కాదంటావేంట్రా?"

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది.

"ఒరేయ్, పక్కింటాయన మందు కొట్టాడు. సగం పోయిన వారమే కొట్టాడు. మిగతా సగం ఇవాళ కొడతాట్ట."

వెనకనుంచి పిన్ని గొంతు వినిపించింది. "ఆయన కొడితే ఈయనకి వణుకేంటో అడుగు."

తీరా వెళ్తే అది కలుపు మందు. పక్కింటి పెరట్లో సగం గడ్డి మాడిపోయి ఉంది. బాబాయి పారతో ఓ మట్టిపెళ్ళ లేపి చూపించాడు. చీమ లేదు, పురుగు లేదు. రెండు వానపాములు మెత్తబడి పడున్నాయి, పుల్లతో కదిపినా కదల్లేదు. నవ్వుకుందామని వెళ్ళినవాడికి ఒళ్ళు జలదరించింది. కాళ్ళ కింద అంత నిశ్శబ్దం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"మనం నిలబడింది దీనిమీదేరా" అన్నాడు బాబాయి మెల్లగా.

తర్వాత మందు పడని సగంలోకి నడిచాడు. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో పిన్ని వంటింటి పట్టకారు. మట్టి తవ్వడం, మొహం పక్కకు తిప్పుకోవడం, ఒక వానపామును సుతారంగా పట్టి బకెట్టులో వెయ్యడం, "అమ్మో" అనడం. మళ్ళీ తవ్వడం. చొక్కా చెమటతో తడిసిపోయింది.

అంతలో పక్కింటాయన వీపున మందు పంపు తగిలించుకుని వచ్చాడు.

"ఏమైందండీ, అలా వణుకుతున్నారు?"

"వానపాములంటే భయమండీ."

"భయమైతే పట్టుకోవడం ఎందుకు?"

"నాకు భయమేస్తే అరుస్తాను, వీధంతా వస్తుంది. వీటికి అరవడానికి నోరు లేదు కదండీ."

పక్కింటాయన కాసేపు బకెట్టులోకి చూశాడు. పంపు దించి గోడకానించాడు. "గడ్డి చేత్తోనే పీకాలంటే సాయంత్రం దాకా పడుతుందే" అని గొణిగాడు.

సరిగ్గా అప్పుడే ఒక వానపాము బకెట్టు అంచు దాటి బాబాయి పాదం మీద పడింది.

వీధంతా వచ్చింది. ఎలాగూ వచ్చారు కదా అని అందరిచేతా గడ్డి పీకించాం.