వడ్ల అంచున రాయి

మా కారు ముసలిది. దాని మొదటి యజమాని అంటించిన స్టిక్కరు ఇంకా వెనక అద్దాన్ని వదల్లేదు. ఆ కారును నేను ఎంతైనా తిట్టుకుంటాను, ఇంకెవరైనా డొక్కు అంటే మాత్రం ఒళ్లు మండుతుంది. మహబూబాబాద్ నుంచి నర్సింహులపేట దగ్గర నేను పాఠాలు చెప్పే బడికి రోజూ నన్ను మోసేది అదే.

యాసంగి కోతలప్పుడు మా దారిలో సగం రోడ్డు వడ్లదే. ఆరబోసిన వడ్ల మీదికి బండ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్లు పేరుస్తారు. మిగిలిన సగంలో మేమంతా సర్దుకుని పోతాం. ఆ సాయంత్రం ఎదురుగా గడ్డి ట్రాక్టరు రోడ్డంతా తనదేనన్నట్టు వచ్చింది. దానికి దారి ఇద్దామని పక్కకు జరిగాను. ఠక్కున రాయి తగిలింది. బంపర్ చీలి, ఒక లైటు పగిలింది.

నేను కారు దిగేలోపే, వడ్లను కాళ్లతో తిరగేస్తున్న ఒక అవ్వ ఉరికొచ్చింది. కారు వైపు చూడనేలేదు. నా నుదురు తడిమింది.

“దెబ్బ తాకిందా బిడ్డా?”

“లేదవ్వా. కారుకే తాకింది.”

అప్పుడు చూసింది కారును. ఆమె ముఖం పాలిపోయింది. “అయ్యో, గా రాయి నేనే పెట్టిన,” అంది.

“రోడ్డు మీద రాళ్లేంది అవ్వా? మనుషులు పోవద్దా?” అని గట్టిగానే అరిచాను. ఆమె వంగి, పగిలిన లైటు ముక్కలను ఏరసాగింది.

మా బీమా ఏజెంటు మా చిన్నమ్మ కొడుకే. ఇంటికి రాగానే ఫోన్ చేశాను.

“క్లెయిమ్ చేద్దామా తమ్మీ?”

“చేయొచ్చక్కా. కని పాత బండి గదా, ప్లాస్టిక్ సామాన్లకు సగమే ఇస్తరు. వచ్చే ఏడు ప్రీమియంల ఇచ్చే తగ్గింపు గూడ పోతది.”

“పోతె పోనీ. ఏటేటా కడుతున్న, ఒక్కసారన్న అడిగిన్నా?”

“అయితె రేపు ఆ రాళ్ల ఫోటో పంపు. ఠాణాల ఒక దరఖాస్తు గూడ ఇయ్యి. రాళ్లు ఎవలు పెట్టిన్రో అండ్ల రాయి. పని జల్ది అయితది.”

ఠాణా మాట వినగానే నాకు ఆ వడ్లు గుర్తొచ్చాయి. దరఖాస్తు అందితే పోలీసులు వచ్చి వాటిని వెంటనే ఎత్తించేస్తారు. ఆరని వడ్లను కొనుగోలు కేంద్రంలో ఎవరూ ముట్టుకోరు. పైగా రెండు రోజులుగా మబ్బు పడుతోంది. అవ్వ పంటంతా ఆ సగం రోడ్డు మీదే ఉంది. అయినా నా కోపం నాకుంది. పగిలిన లైటును చూస్తే క్లెయిమ్ చేయాల్సిందే అనిపించింది. నుదుటి మీద అవ్వ చెయ్యి గుర్తొస్తే వద్దనిపించింది. ముందు ఫోటో అయితే తీద్దాం, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాను.

మర్నాడు బడికి పోతూ అక్కడ ఆగాను. రాళ్లు లేవు. సరిగ్గా నాకు తగిలిన రాయి ఉన్న చోట అవ్వ కూర్చుని ఉంది. నెత్తిన తడి తువ్వాల, చేతిలో ఎర్ర గుడ్డ కట్టిన కర్ర. బండ్లు ఆమెను రాసుకుంటూ పోతున్నట్టే ఉన్నాయి.

“రాళ్లేవి అవ్వా?”

“తీసేసిన బిడ్డా. నీ లెక్క ఇంకెవలకన్న తాకితె ఎట్ల? రాయిని ఎవలు చూస్తరు? మనిషి కూసుంటె చూసి తొలుగుతరు గద.”

ఫోటో కోసం తీసిన ఫోన్ చేతిలోనే ఉంది. అవ్వ దాన్ని చూసి, ఫోటో తనకే అనుకుంది. “జర ఆగు,” అని కొంగు సర్దుకుని, కర్రను నిటారుగా పట్టుకుని కూర్చుంది. తీశాను.

తర్వాత ఆమె చెయ్యి పట్టి లేపి, వడ్లకు ఆవలి పక్కన వేప చెట్టు నీడలో కూర్చోబెట్టాను. అవ్వ అక్కడ పోగేసిన రాళ్లను ఒక్కొక్కటే తెచ్చి అంచున పేర్చాను. అన్నిటికన్నా ముందున్న పెద్ద రాయికి, దూరం నుంచే కనబడేలా, ఆ ఎర్ర గుడ్డ చుట్టాను. చీరంతా దుమ్ము. బడి గంట కొట్టే ఉంటారు. ఇంతలో ఫోన్ మోగింది.

“రాళ్ల ఫోటో తీసినవా అక్కా?”

“క్లెయిమ్ వద్దు తమ్మీ.”

“అదేంది? రాళ్లు ఎవలు పెట్టిన్రో చెప్తలేరా?”

“నేనే పెట్టిన,” అన్నాను.