సతాయించని పిల్ల

మీ ఇంట్లో పసిబిడ్డ చప్పుడు చేయకుండా పడి ఉంటే మీరు సంతోషిస్తారు. కాదనకండి. వచ్చిన చుట్టాలందరికీ చూపించి "మా పిల్ల అస్సలు సతాయించదు" అని మురిసిపోతారు. ఆ మురిపెంలో ఎన్ని నెలలు పోయాయో వెనక్కి తిరిగి చూసుకోరు. మిమ్మల్ని అంటున్నానని నన్ను నేను మినహాయించుకోవడం లేదు. నేనూ మురిశాను. ఆ మురిపెంలోంచి నన్ను చెవి పట్టుకుని లాగిన మనిషి మొన్న మంగళవారం పొద్దున పోయింది. ములకలపల్లి దగ్గర, అడవి అంచున మేముండే ఊళ్లో అంగన్‌వాడీ ఆయమ్మ. నాలుగు రోజుల జ్వరం. ఆ జ్వరం సంగతి ఇక్కడ ఎత్తను. ఎత్తితే ఈ నాలుగు మాటలు ఆమెవి కాకుండా పోతాయి.

ఏ పత్రికలోనూ రాలేదు. ఎందుకు వస్తుంది? ఆమె ఊడ్చింది, వండింది, ఊళ్లో పిల్లలందరి ముక్కులూ తుడిచింది. ముక్కులు తుడిచినవాళ్ల గురించి మనం రాయం.

తిరుమలాయపాలెం వైపు నుంచి ఆ ఊరి బడికి పంతులుగా వెళ్లేనాటికి నా భార్య నిండు చూలాలు. మా అమ్మ కూడా మాతోనే వచ్చింది. బడి ఆవరణలోనే అంగన్‌వాడీ కేంద్రం. పొద్దున్నే తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని పిండి పొట్లాల కోసం వచ్చేవారు. ఆయమ్మ గడపలో నిలబడి ప్రతి బిడ్డ ముఖంలో ముఖం పెట్టి "ఊ..." అనేది. అని ఆగేది. బిడ్డ తిరిగి "ఊ" అనేదాకా తల్లిని లోపలికి రానిచ్చేది కాదు.

"ఏంది ఆయమ్మా, హాజరు తీసుకుంటున్నవా?" అని ఒకరోజు నవ్వాను.

"అవ్ సారూ. నీ రిజిస్టర్ల పేర్లుంటయ్, నా దాంట్ల ఊలుంటయ్."

మా పాప కూడా ఆరు నెలల దాకా ఆమె హాజరులో ఉంది. తర్వాత వానలు పడ్డాయి, ఆయమ్మ తన కూతురి కాన్పుకు వెళ్లింది, మేం పాపను ఇల్లు కదలనివ్వలేదు. ఆ మధ్యలోనే ఎప్పుడో పాప ఊ కొట్టడం మానేసింది. ఏ రోజు మానేసిందో చెప్పలేను. ఆగిపోయిన చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరికీ వినపడదు.

ముందు అనుమానం వచ్చింది నా భార్యకు. "పాప ఊ కొడుతలేదు. ఎన్ని దినాలైందో గుర్తొస్తలేదు" అంది.

"పళ్లొస్తున్నయి" అన్నాను పేపరులోంచి తలెత్తకుండా.

"మనింట్ల మాటలు ఆలస్యమేరా," అంది మా అమ్మ. "నీకు మూడేండ్లకొచ్చినయ్. వచ్చినంక ఇయ్యాల్టిదాక ఆగలే." అని, సానమీద వస కొమ్ము అరగదీసి పాప నాలుక మీద రాయడం మొదలుపెట్టింది. వస పోస్తే మాటలొస్తాయని ఆమె నమ్మకం. నేను ఊరుకుంటానా? మూఢనమ్మకాల మీద ఇంట్లోనే ఉపన్యాసం దంచాను. శాస్త్రం అంటే ఏమిటో చూపిస్తానని పాపను టేకు బల్ల మంచం మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి, స్టీలు పళ్లేన్ని ఆ మంచం మీదే దబేలున కొట్టాను. పాప గిరుక్కున తిరిగింది.

"చూశారా! ఇదీ రుజువు!"

కూతురి దగ్గర నుంచి తిరిగొచ్చి, సరిగ్గా అప్పుడే పిండి పొట్లం ఇవ్వడానికి వచ్చిన ఆయమ్మ గడపలో నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు.

"సారూ, పిల్ల సెవులతోని ఇనలే. పిర్రలతోని ఇన్నది."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. "ఏంది ఆయమ్మా ఆ మాటలు?"

"మంచం అదిరింది, పిల్ల తిరిగింది. పిలిసింది నీ పల్లెం కాదు, మంచం. పిల్లను తల్లి ఒళ్ల కూసోబెట్టు."

బయటికి వెళ్లి ఎండిన దిరిసెన కాయ ఒకటి తెచ్చింది. లోపల గింజలు గలగలమంటున్నాయి. తన నీడ పాప మీద పడకుండా పక్కకు జరిగి, వెనక నుంచి కుడి చెవి దగ్గర ఊపింది. పాప తల్లి గాజులతో ఆడుకుంటోంది. ఎడమ చెవి దగ్గర ఊపింది. గాజులే. మళ్లీ ఊపింది. సాన మీద మా అమ్మ చేయి ఆగిపోయింది. ఆ గదిలో అందరికీ వినపడుతోంది ఆ చప్పుడు, ఒక్క పాపకు తప్ప.

"జల్దీ ఖమ్మం పోర్రి," అంది ఆయమ్మ.

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "కాయలూపి రోగాలు చెప్పుడు గూడ మూఢనమ్మకమే" అన్నాను. ప్రజల జ్ఞానం గురించి సభల్లో గొంతు చించుకునే నేను.

"నన్ను నమ్మకు సారూ," అంది ఆమె చాలా మామూలుగా. "పోయి మిషన్‌నడుగు."

నా ఉపన్యాసాలన్నిటికంటే పెద్ద శాస్త్రం ఆ ఒక్క మాటలో ఉంది.

మర్నాడు మాతోపాటు ఆమె కూడా బస్సెక్కింది. తన బిడ్డలా పాపను ఒళ్లో పెట్టుకుని దారిలో చెప్పింది. "మా తమ్ముడు గిట్లనే. ఊ కొట్టి కొట్టి ఆపిండు. ఎంత మంచి పిలగాడు, సతాయించడు అన్నరు అందరు. మా అమ్మ గూడ అన్నది. పెద్దగైనంక మూగోడన్నరు. పేరైతే పెట్టిర్రు గని ఎవ్వరు పిల్వలే. పిలిస్తే పలుకుతలేడు, పొగరని ఒకసారి సంతల కొట్టిర్రు." పాపను భుజం మీదికి మార్చుకుని, "ఏడ్సే పిల్ల కాడికి అందరురుకుతరు సారూ. సప్పుడు లేని పిల్ల కాడికి నేను పోత" అంది.

ఖమ్మంలో డాక్టరు పాపను ముట్టుకోలేదు. "కొందరికి మాటలు లేటు. రెండేళ్లు రానీయండి, చూద్దాం" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. లేచి దండం పెట్టబోతున్నాను. తలుపు దగ్గర నుంచి ఆయమ్మ గొంతు వచ్చింది.

"చూద్దామంటే ఎప్పుడు సారూ? ఇప్పుడు చూస్తే నీకేం పోతది?"

డాక్టరు విసుక్కుంటూనే హైదరాబాదుకు చీటీ రాశాడు. అక్కడ పాపను నిద్రపుచ్చి, నుదుటి మీదా చెవుల వెనకా వైర్లు అంటించారు. తెర మీద గీతలు లేవాల్సిన చోట లేవలేదు. రెండు చెవులూ. వినపడని బిడ్డ కూడా ముందు ఊ కొడుతుందట, తన ఊ తనకే వినపడక కొన్నాళ్లకు ఆపేస్తుందట. నా భార్య పాప నుదుటి మీది జిగురు కొంగుతో తుడిచింది. నేను ఆ రిపోర్టు కాగితంతో కూడా వాదించాను.

అద్భుతాలేమీ జరగలేదు. ఏడాది నిండకముందే చెవులకు మిషన్లు పెట్టాం. కొన్ని మాటలు వచ్చాయి, కొన్ని రాలేదు, రానివన్నీ సైగలై చేతుల్లోకి వచ్చాయి. రెండేళ్లు ఆగి ఉంటే ఈ కొన్ని కూడా ఉండేవి కావని తర్వాత పాపను చూసిన డాక్టర్లు చెప్పారు. మిషన్ పాడైతే మాత్రం హైదరాబాదు. అది బాగై వచ్చేదాకా పాపను పిలిచేదెట్లా? దారి చూపింది మళ్లీ ఆయమ్మే. పాత ఇంటి టేకు తలుపు రెక్క ఒకటి తెచ్చి కేంద్రంలో నేల మీద పరిచింది. పిల్లలంతా దాని మీదే కూర్చునేవారు. ఆమె వెనక నుంచి మడమతో ఆ చెక్క మీద మూడుసార్లు కొట్టేది. మా పాప తిరిగి నవ్వేది.

"నీ పల్లెం సదువు నాకు పనికొచ్చింది సారూ," అని నన్ను ఆటపట్టించేది. కొన్నాళ్లకు ఆ కేంద్రంలో పిల్లలందరూ ఒకరినొకరు మడమలతోనే పిలుచుకున్నారు. మా పాపకు వేరే భాష నేర్పలేదామె. అందరికీ మా పాప భాష నేర్పింది.

ఇప్పుడు పాపకు ఎనిమిదేళ్లు. మంగళవారం ఆయమ్మ వాకిట్లోకి తీసుకెళ్లాను. పాప ఏడవలేదు. అందరూ ముఖం వైపు నిలబడితే తను కాళ్ల వైపు వెళ్లింది. పసుపు నీళ్లతో కడిగిన ఆ పగుళ్ల మడమ కింద అరచేయి పెట్టి, చాలాసేపు తీయలేదు.

పూలు వద్దు, సంతాప సభ వద్దు. ఇవి కావాలి.

ఒకటి. పుట్టిన ప్రతి బిడ్డకూ దవాఖానా గడప దాటకముందే చెవుల పరీక్ష చేయాలి. అడవి బిడ్డకు కూడా.

రెండు. "చూద్దాం" అనే డాక్టరు ఏ తేదీన చూస్తాడో చీటీ మీద రాయాలి.

మూడు. ఆయమ్మ అనుమానం చెబితే రిజిస్టరులో ఎక్కాలి. ఏం చదువుకున్నావని అడగకూడదు.

నాలుగు. చెవి మిషన్లు బాగుచేసే మనిషి భద్రాచలంలో ఉండాలి.

ఐదు. మూగోడు, చెవిటిది అని పిలవడం మానాలి. వాళ్లకు పేర్లున్నాయి.

ఆరు. మీ బిడ్డ ఊ ఆగిపోతే వస పోసుకోండి, పళ్లేలు కొట్టుకోండి, కానీ ఆ వారంలోనే బస్సెక్కండి.

ఏడు. ఇది నా బిడ్డ చేతులతో చెప్పి రాయించింది. కేంద్రానికి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఆ పాత తలుపు చెక్కను పొయ్యిలో పెట్టొద్దు. బడి వదిలాక పాప రోజూ వచ్చి, దాని మీద, వీపు గుమ్మం వైపు పెట్టి కూర్చుంటోంది.